బాకీ వసూలు కోసం ఉద్యోగి వివరాలు ఒక ఏజెన్సీ నుంచి ఇంకో ఏజెన్సీకి వెళ్లొచ్చా?

నిదానం:

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో పనిచేసేవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముందు రూలు ఏమిటో చెప్తాను. రావలసిన పాత బాకీలున్న ప్రతి ఫెడరల్ ఏజెన్సీ ఏడాదికి కనీసం ఒకసారి తన బాకీదార్ల జాబితాను ఫెడరల్ ఉద్యోగుల జాబితాతో కంప్యూటర్‌లో సరిపోల్చాలి. పన్ను బాకీలకు ఇది వర్తించదు, వాటి దారి వేరు. మిగతావాటిలో ఎవరి సోషల్ సెక్యూరిటీ నంబరు కలిస్తే వాళ్లు ప్రస్తుతం ఏ ఏజెన్సీలో ఉన్నా సరే, వాళ్ల జీతంలోంచి కోత పెట్టొచ్చు. కోర్టుకి వెళ్లనక్కర్లేదు.

నాకు జరిగింది ఇది. మా రెండో పాప పుట్టినప్పుడు కొన్ని నెలలు జీతం లేని సెలవులో ఉన్నాను. అలాంటి సెలవులో ఆరోగ్య బీమా ప్రీమియంలో మన వాటాను ఆఫీసు తన చేత్తో కట్టి, దాన్ని మన మీద బాకీగా రాసుకుంటుంది. తిరిగి డ్యూటీలో చేరగానే చెక్కు రాసి ఇచ్చేశాను. చెక్కు నా బ్యాంకులో క్లియర్ అయింది కూడా. తర్వాత వేరే ఏజెన్సీలో ఉద్యోగం రావడంతో వేరే రాష్ట్రానికి వచ్చేశాం. పాత ఆఫీసు లెక్కల్లో ఆ చెక్కు నా పేరు కింద జమ కాలేదు. ఆ సంగతి నాకు తెలిసే దారి లేదు.

ఏడాదిన్నర తర్వాత ఒక రోజు పేస్లిప్ తెరిచాను. ఎప్పుడూ చూసే పద్దులే. పన్ను, బీమా, పింఛను... వాటి కింద ఎప్పుడూ లేని పద్దు ఒకటి కనిపించింది. నాలుగు అక్షరాల కోడ్, పక్కన 312 డాలర్లు. అది ఏమిటో పేస్లిప్‌లో రాయలేదు. రెండు వారాలకి మళ్లీ అదే. పేరోల్ చూసే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "పాత బాకీ ఏదో ఉన్నట్టుంది, చూసుకోండి" అంది. ఆవిడ తప్పేం లేదు, మంచిగానే చెప్పింది. కానీ ఆ రోజు నేను నా సీటుకి తిరిగి వచ్చి చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

మూడు కోతల తర్వాత అసలు సంగతి బయటపడింది. నాకు పంపాల్సిన నోటీసు పాత ఇంటి అడ్రస్‌కి వెళ్లింది. అంటే నా జీతం ఏ ఏజెన్సీలో పడుతోందో పట్టుకోగలిగారు కానీ, నేను ఉంటున్న ఇల్లు ఎక్కడో చూసుకోలేదు. ఆ రెండు వివరాలూ ఉండేది నా ఒక్క ఉద్యోగి రికార్డులోనే.

డబ్బు చివరికి తిరిగొచ్చింది. ఇది తప్పా ఒప్పా, మీ అభిప్రాయాలు చెప్పండి. నా అభిప్రాయం తర్వాత రాస్తాను.

పాతలెక్కలు:

నిదానం గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ ఒక్క అనుభవంతో ఈ పద్ధతి మొత్తాన్నీ తప్పుపట్టొద్దని కోరుతున్నాను. నేను పేరోల్‌లో ఇరవై ఏళ్లకు పైగా చేసి రిటైర్ అయ్యాను. పద్ధతి లేని రోజులు ఎలా ఉండేవో మా సీనియర్ల నోట విన్నాను.

ఒక ఏజెన్సీకి చదువుల అప్పు ఎగ్గొట్టినవాడు ఇంకో ఏజెన్సీలో నెల నెలా జీతం తీసుకుంటూ ఉండేవాడు. అప్పిచ్చిన ఏజెన్సీ ఉత్తరం మీద ఉత్తరం రాసేది, జవాబు ఉండేది కాదు. జీతం ఇచ్చే ఏజెన్సీకి ఈ సంగతే తెలియదు. రెండూ ఒకే ప్రభుత్వం! 1977లో ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉన్న జోసెఫ్ కాలిఫానో హయాంలో మొదటిసారి సంక్షేమ భృతి జాబితాను ఫెడరల్ ఉద్యోగుల జాబితాతో కంప్యూటర్‌లో పోల్చారు. ప్రాజెక్ట్ మ్యాచ్ అన్నారు దాన్ని. తర్వాత 1982లో బాకీల వసూలు చట్టం వచ్చింది, జీతంలో కోత పద్ధతి దానితో గట్టిపడింది.

ఆ చట్టాన్ని ఒకసారి చదవండి. ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు. కోతకి కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బాకీ కాగితాలు చూసుకుని నకళ్లు తీసుకునే హక్కు ఉంది. వాయిదాల ఒప్పందం అడగొచ్చు. హియరింగ్ అడగొచ్చు, అది నడిపే అధికారి ఆ ఏజెన్సీ అధిపతి కింద పనిచేసేవాడు కాకూడదు. ఇవన్నీ అయ్యాక కూడా చేతికొచ్చే జీతంలో 15 శాతం దాటి పట్టుకోకూడదు, ఉద్యోగే ఎక్కువకి రాసిస్తే తప్ప. ఇంతకంటే మర్యాదగా బాకీ అడిగే అప్పులవాడిని నేనైతే చూడలేదు.

ప్రభుత్వ సొమ్ము అంటే పన్ను కట్టే జనం సొమ్ము. అదే జనం ఇచ్చే జీతం తింటూ వాళ్ల బాకీ ఎగ్గొడితే ఊరుకోవాలా?

కొత్తచిగురు:

పాతలెక్కలు గారూ, మర్యాదగా అడగడం వేరు, అడిగే ముందే జేబు తడిమి చూడటం వేరు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇంటి అడ్రస్, బ్యాంకు ఖాతా ఇచ్చింది జీతం కోసం. దాన్ని నన్నడక్కుండా ఇంకో పనికి వాడితే అది నమ్మకద్రోహం కాదా?

1974 ప్రైవసీ చట్టం తెచ్చిందే ఇందుకు. ఒక పని కోసం తీసుకున్న వివరాలు మనిషి రాతపూర్వక అనుమతి లేకుండా బయటికి పోకూడదు అన్నది దాని మూలసూత్రం. కానీ దాంట్లోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు. "నిత్య వినియోగం" అని ఒక మినహాయింపు ఉంది. ఏజెన్సీ ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ప్రభుత్వ రోజువారీ గెజిట్‌లో, ఒక ప్రకటన వేసి, ఫలానా వివరాలను ఫలానా ఏజెన్సీకి ఇవ్వడం మాకు నిత్య వినియోగమే అని రాసేస్తే చాలావరకు పని అయిపోతుంది. వివరాలు తీసుకున్న ప్రయోజనంతో అది పొసగాలి అని చట్టంలో ఉంది. ఆ పొసగడాన్ని ముందుగా తేల్చుకునేది ఆ ఏజెన్సీయే. ఫెడరల్ రిజిస్టర్ రోజూ చదివే ఉద్యోగి ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నేను చదవను. మీరూ చదవరు.

పైగా 2025 మార్చి 20న అధ్యక్షుడు ట్రంప్ ఏజెన్సీల మధ్య సమాచార గోడలు తీసెయ్యాలని ఉత్తర్వు ఇచ్చారు. వృథా, మోసం అరికట్టడం కోసం అన్నారు. ఇవాళ బాకీ కోసం తెరిచిన తలుపు రేపు ఇంకెందుకో తెరుచుకోదని మీరు హామీ ఇవ్వగలరా?

రెండోతనిఖీ:

నేను డేటా మనిషిని. కాంట్రాక్టర్‌గా ఇలాంటి మ్యాచింగ్ పనులు చేశాను, ఏ ఏజెన్సీకో చెప్పను. ఇద్దరూ మాట్లాడని సంగతి ఒకటి చెప్తాను.

రెండు ఫైళ్లు వస్తాయి. ఒకటి బాకీదార్లది, ఇంకోటి జీతాలది. నంబరు, పేరు కలిశాయా అని చూస్తాం. కలిస్తే "హిట్" అంటాం. ఆ హిట్ చెప్పేది ఒక్కటే: ఈ ఫైల్లో ఉన్న మనిషీ ఆ ఫైల్లో ఉన్న మనిషీ ఒకరే కావచ్చు. బాకీ నిజమా, తీరిపోయిందా, మొత్తం సరైనదేనా అన్నది హిట్‌కి తెలియదు, తెలిసే వీలూ లేదు. నిదానం గారి కేసులో హిట్ నూటికి నూరుపాళ్లు సరైనదే! ఆవిడ ఆవిడే. తప్పు బాకీ ఫైల్లో ఉంది. మ్యాచింగ్ ఎంత బాగా చేస్తే ఆ తప్పు అంత వేగంగా, అంత కచ్చితంగా ఆవిడ జీతం దగ్గరికి వచ్చి చేరుతుంది.

ఇంకో రకం తప్పూ ఉంది. నంబరులో రెండు అంకెలు తారుమారైనవి, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవి. మన తెలుగువాళ్ల పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఇంటిపేరు ఒక ఫైల్లో ముందు, ఇంకో ఫైల్లో వెనక ఉంటుంది. పేరు ఒకచోట ఒకే ముక్క, ఇంకోచోట మూడు ముక్కలు. ఇలాంటివి వచ్చినప్పుడల్లా పక్కన పెట్టి మనిషి చేత చూపించాలి. టైమ్ లేదు అంటే "దగ్గరగానే ఉంది" అని పంపించేసే ప్రమాదం ఉంది. పంపించిన వాళ్లకి దాని ఫలితం ఎప్పుడూ కనపడదు, అదే నన్ను బాధపెట్టేది.

పాతలెక్కలు:

రెండోతనిఖీ గారూ, మీరు చెప్పిన ఈ రెండో తనిఖీ కోసమే 1988లో ప్రత్యేకంగా చట్టం చేశారు కదా. కంప్యూటర్ మ్యాచింగ్, గోప్యత రక్షణ చట్టం. రెండు ఏజెన్సీలు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. దాని గడువు 18 నెలలు, ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ప్రతి ఏజెన్సీలో డేటా ఇంటెగ్రిటీ బోర్డు దాన్ని చూసి ఒప్పుకోవాలి. హిట్ వచ్చినంత మాత్రాన చర్య తీసుకోకూడదు, విడిగా తనిఖీ చేసి, మనిషికి చెప్పి, వాదించుకునే అవకాశం ఇవ్వాలి. రక్షణ లేదని ఎలా అంటారు?

రెండోతనిఖీ:

ఉంది. తర్వాత దాన్ని తప్పించుకునే దారి కూడా పెట్టారు. 1996లో బాకీల వసూలు మెరుగుదల చట్టం వచ్చి వసూళ్లను ట్రెజరీ శాఖ చేతికి తెచ్చింది. ఇప్పుడు ఆ పని చేసేది దాని కింద ఉన్న బ్యూరో ఆఫ్ ది ఫిస్కల్ సర్వీస్. 1996లో 180 రోజులు దాటిన బాకీలు ట్రెజరీకి పంపాలన్నారు, 2014లో ఆ గడువును కోత విషయంలో 120 రోజులకి తగ్గించారు. ఆ 1996 చట్టంలోనే ఒక వాక్యం ఉంది. బాకీ రావలసిన ఏజెన్సీ అధిపతి "మేము నోటీసు ఇచ్చాం, హక్కులన్నీ చెప్పాం" అని రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే, మీరు చెప్పిన ఒప్పందం, విడి తనిఖీ రెండింటినీ ట్రెజరీ కార్యదర్శి మాఫీ చెయ్యొచ్చు.

దీని అర్థం ఏమిటో చూడండి. తనిఖీ జరగాల్సిన చోట ధ్రువీకరణ కాగితం వచ్చి కూర్చుంది. ఆ కాగితం రాసేది ఎవరు? బాకీ ఉందని చెప్పేవాళ్లే. నిదానం గారి పాత ఆఫీసు కూడా నోటీసు పంపామనే రాసి ఉంటుంది. పంపింది నిజమే కదా, ఖాళీ ఇంటికి!

సరిహద్దుఇల్లు:

మా ఆయన సైన్యంలో ఉన్నారు. జీతం కోత అంటే మాకు టెన్షన్ ఎందుకో చెప్తాను. కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ సంగతి గుర్తుందా? ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల రోజుల్లో మనుషులు చాలక, మళ్లీ చేరితే బోనస్ ఇస్తామన్నారు. 15 వేల డాలర్లు, కొందరికి అంతకంటే ఎక్కువ. చేరారు, యుద్ధానికి వెళ్లారు, వచ్చారు. ఏళ్ల తర్వాత ఆడిట్‌లో ఆ బోనస్‌లు చాలా వరకు నిబంధనలకు విరుద్ధంగా ఇచ్చారని తేలింది. ఇచ్చింది అధికారులు, తీసుకున్నవాళ్లు సంతకం పెట్టమన్నచోట పెట్టారు. కానీ తిరిగి కట్టమని నోటీసులు వచ్చింది సైనికులకే, దాదాపు 10 వేల మందికి. కట్టకపోతే వడ్డీ, జీతంలో కోత.

2016 అక్టోబరులో పత్రికల్లో వచ్చాక దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే నెల 26న రక్షణ కార్యదర్శి ఆష్ కార్టర్ వసూలు ఆపమన్నారు. పత్రికలో రాకపోతే? అక్కడ ఏ కంప్యూటరూ తప్పు చెయ్యలేదు. నంబర్లన్నీ సరిగ్గా కలిశాయి.

ఇంకో మాట. సైన్యంలో, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) ఉన్న ఉద్యోగాల్లో బాకీ అనే మాట పేస్లిప్‌తో ఆగదు. క్లియరెన్స్ పరిశీలనలో ఆర్థిక పరిస్థితి ఒక ముఖ్యమైన అంశం. లేని బాకీ మీ పేరు మీద ఉంటే అది మీ ఉద్యోగాన్నే ప్రశ్నిస్తుంది. పాతలెక్కలు గారు 15 శాతం పరిమితి అన్నారు. దీనికి ఏ పరిమితి పెడతారు?

పాతలెక్కలు:

అమ్మా, కాలిఫోర్నియా కేసులో మీతో ఏకీభవిస్తాను. ఆఫీసు తప్పుకి ఉద్యోగి శిక్ష అనుభవించకూడదు. అందుకే మాఫీ అడిగే హక్కు చట్టంలో ఉంది. జీతం పొరపాటున ఎక్కువ పడితే, ఉద్యోగి తప్పేమీ లేకపోతే, తిరిగి తీసుకోవడం న్యాయం కాదనిపిస్తే ఏజెన్సీ మాఫీ చెయ్యొచ్చు. అయితే ఆ పొరపాటు బయటపడిన మూడేళ్లలోపు అడగాలి. నా సర్వీసులో అలాంటి దరఖాస్తులు పదుల సంఖ్యలో నింపించాను. ఈ హక్కు ఉందని తెలిసి వచ్చినవాళ్లు మాత్రం చాలా తక్కువ. నేను చెప్తేనే తెలిసేది.

కానీ కొత్తచిగురు గారికి ఒక ప్రశ్న. ఏజెన్సీలు వివరాలు పంచుకోవద్దంటారు. సరే. అప్పుడు బాకీ ఎలా వసూలు చేస్తారు? ప్రైవేటు కలెక్షన్ ఏజెంట్లకి ఇస్తారు, క్రెడిట్ బ్యూరోలకి చెప్తారు. ఆ రెండు దారులూ 1982 చట్టంలోనే ఉన్నాయి. మీ పేరు, నంబరు, బాకీ మొత్తం బయటి కంపెనీల చేతిలో పడటం మీకు నయమా? పక్క ఏజెన్సీ పేరోల్‌కి తెలియడం నయమా? కోర్టుకి వెళ్లమంటారా? వెయ్యి డాలర్ల బాకీ కోసం లాయరు, వాయిదాలు, పబ్లిక్ రికార్డులో మీ పేరు... గోప్యత అని మీరు కాపాడాలనుకున్నదే అక్కడ ముందు పోతుంది.

కొత్తచిగురు:

మీరు చెప్పిందాంట్లో న్యాయం ఉంది, ఒప్పుకుంటున్నాను. కలెక్షన్ ఏజెంట్ల ఫోన్లు మా స్నేహితుడికి వచ్చేవి, ఆ బాధ చూశాను.

కానీ ఒకచోట పోగైన వివరాలకి ఇంకో ప్రమాదం ఉంది. ఫెడరల్ ఉద్యోగుల రికార్డులు చూసే ఆఫీస్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్‌లోకే హ్యాకర్లు చొరబడ్డారని 2015లో బయటపడింది. 42 లక్షల మంది ఉద్యోగ రికార్డులు పోయాయి. నేపథ్య పరిశీలన ఫైళ్లలో 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు పోయాయి, వేలిముద్రలు సహా. ఒక నకలు పదిచోట్ల ఉంటే పది తాళాలు కాపాడుకోవాలి. కాబట్టి పంచుకోవాల్సి వస్తే కలిసినవాళ్ల వివరాలు మాత్రమే వెళ్లాలి, కలవనివి అక్కడికక్కడే చెరిపెయ్యాలి. నా కనీస కోరిక అది.

రెండోతనిఖీ:

మ్యాచింగ్‌లో తయారైన రికార్డులు ఎప్పుడు, ఎలా చెరపాలో 1988 చట్టం ప్రకారం ఒప్పందంలోనే రాయాలి. మళ్లీ చెప్తున్నాను, ఒప్పందం మాఫీ చేస్తే ఈ షరతు కూడా దానితోపాటే పోతుంది.

దక్షిణతీరం:

ఆస్ట్రేలియా నుంచి రాస్తున్నాను. మా దగ్గర జరిగింది ఉద్యోగుల మీద కాదు, ప్రభుత్వ భృతి తీసుకున్నవాళ్ల మీద. కానీ మీ చర్చకి సరిగ్గా సరిపోతుంది. రోబోడెట్ అంటారు. పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని తీసుకుని 26 భాగాలు చేసి, ప్రతి రెండు వారాలకీ అంతే సంపాదించారని లెక్కేశారు. విద్యార్థి సెలవుల్లో మూడు నెలలు పనిచేసి, మిగతా తొమ్మిది నెలలు భృతి తీసుకున్నాడనుకోండి. సగటు తీస్తే ఏడాదంతా సంపాదిస్తూ భృతి తీసుకున్నట్టు కనిపిస్తాడు. వెంటనే బాకీ నోటీసు. కాదని నిరూపించుకోవాల్సింది అతనే, ఏళ్ల క్రితం పేస్లిప్‌లు వెతుక్కుని.

2019 నవంబరులో ఫెడరల్ కోర్టులో ఒక కేసులో ఇలా లెక్కగట్టిన బాకీ చెల్లదని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2020లో దాదాపు 4 లక్షల 70 వేల బాకీలకి 72 కోట్ల 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు తిరిగి ఇస్తామంది. 2023 జులైలో రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) నివేదిక ఇచ్చింది. ఆ నోటీసుల ఒత్తిడి తర్వాత ప్రాణం తీసుకున్న పిల్లల తల్లులు కమిషన్ ముందుకు వచ్చి మాట్లాడారు. ఆ సాక్ష్యాలు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడ కూడా రెండు శాఖల డేటా విడివిడిగా తప్పు కాదు. రెంటినీ కలిపి వచ్చినదాన్ని మనిషి చూడకపోవడమే కారణం. అంతకుముందు ఆ తేడాలను ఉద్యోగులు ఒక్కొక్కటీ చూసేవాళ్లు. ఆ మనుషుల్ని తీసేశారు.

పాతలెక్కలు:

దక్షిణతీరం గారు చెప్పిన కేసు గురించి కొంచెం తెలుసు, ఇంత వివరంగా తెలియదు. బాధగా ఉంది. కానీ అమెరికా జీతం కోతలో సగటు లెక్కలు వెయ్యరు, ఏజెన్సీ పుస్తకాల్లో ఉన్న బాకీనే తీసుకుంటారు. రెండూ ఒకటే అనడం సరికాదు.

నిదానం:

ఇప్పుడు నా మాట చెప్తాను. ఇంతసేపు అందరూ రాసింది చదివాక కొంత మారింది కూడా.

వివరాలు పంచుకోవడమే తప్పని నేను అనను. పాతలెక్కలు గారు చెప్పినట్టు ఒకే ప్రభుత్వానికి ఒక వైపు బాకీ పెట్టి ఇంకో వైపు జీతం తీసుకోవడం సరికాదు. కలెక్షన్ ఏజెంటు కంటే ఇదే నయం. ఆ మాట మొదట నాకు తట్టలేదు.

నేను ఒప్పుకోనిది ఒక్కటే. పంచుకోవడం ఒక్క దిక్కుగానే జరుగుతోంది. జీతం పట్టుకోవడానికి నా కొత్త ఏజెన్సీ రికార్డు పనికొచ్చింది. నాకు నోటీసు పంపడానికి మాత్రం పనికి రాలేదు. బాకీ వసూలు కోసం ఏజెన్సీలు పన్ను శాఖ దగ్గర మన తాజా అడ్రస్ అడిగి తీసుకోవచ్చని చట్టమే అంటోంది. అడిగే వీలుండి అడగలేదు. ఈ డేటా ఉద్యోగి మీదికి వచ్చినంత తేలిగ్గా ఉద్యోగి తరఫున కూడా రావాలి కదా?

డబ్బు సంగతీ చూడండి. నా బాకీ నిజమే అయ్యుంటే, 90 రోజులు దాటాక వడ్డీకి తోడు బాకీ మీద ఏడాదికి 6 శాతం దాకా జరిమానా వేసేవాళ్లు. వాళ్లు నా దగ్గర తప్పుగా పట్టుకున్న 936 డాలర్లు తిరిగొచ్చినప్పుడు వడ్డీ ఒక్క సెంటు కూడా రాలేదు. అడిగాను. చట్టంలోనో ఒప్పందంలోనో ఉంటే తప్ప తిరిగిచ్చే డబ్బుకి వడ్డీ లేదని నిబంధన చూపించారు. ఆ డబ్బు తిరిగొచ్చేదాకా పాప డేకేర్ ఫీజు క్రెడిట్ కార్డు మీద కట్టాను. దాని వడ్డీ నేనే భరించాను.

నేను కోరేది ఇది. హిట్ రాగానే మొదటి పని ఉద్యోగికి తెలియాలి, ఆమె ఇప్పుడు పనిచేస్తున్న ఆఫీసు ద్వారా, చేతికి అంది సంతకం పెట్టేలా. మూసిన కవరులో, పేరోల్ ఆవిడ కూడా చదవకుండా. అది అందిన రోజు నుంచే 30 రోజులు లెక్కపెట్టాలి. బాకీ చెప్పిన ఏజెన్సీలో ఒక మనిషి జమ పుస్తకం తెరిచి చూసి, చూశానని తన పేరుతో రాయాలి. ట్రెజరీ 1988 తనిఖీని మాఫీ చెయ్యడం ఆపాలి, కనీసం జీతాల విషయంలో. ఈ మూడూ చేస్తే నా పేరు ఎన్ని ఫైళ్లతో పోల్చుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పాతలెక్కలు:

సంతకం పెట్టి అందించడం నాకు నచ్చింది. దాని ఖర్చు ఎంత, ఎవరు చెయ్యాలి అన్న ప్రశ్న వస్తుంది కానీ, జీతం ఇచ్చే ఆఫీసు ఎలాగూ ఉద్యోగికి ఎదురుగానే ఉంటుంది. చెయ్యొచ్చు. నేను సర్వీసులో ఉన్నప్పుడు కోత ఆర్డరు వస్తే ముందు ఆ మనిషిని పిలిచి "నోటీసు అందిందా?" అని అడిగేవాణ్ని. అది నా డ్యూటీలో రాసిలేదు. ఎంతమంది "ఏ నోటీసు?" అన్నారో ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పట్లో అందరూ అలాగే అంటారులే అనుకున్నాను. అది నా పొరపాటు.

మాఫీ విషయంలో మాత్రం మీతో పూర్తిగా కలవలేను. ప్రతి ఒప్పందాన్నీ బోర్డు చూడాలంటే నెలలు పడుతుంది, ఈలోగా ఎగ్గొట్టేవాళ్లు ఉద్యోగం మానేసి పోతారు. ఒప్పందం మాఫీ చెయ్యండి, తనిఖీ మాత్రం ఉంచండి అంటాను.

రెండోతనిఖీ:

దానికి నేను ఒప్పుకుంటా. చెరిపే షరతు మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

కొత్తచిగురు:

నేను ఒప్పుకోను. ఒప్పందం జనం చదవగలిగే కాగితం. అది పోతే ఏం పంచుకుంటున్నారో మనకి తెలిసే దారే పోతుంది. నిదానం గారికి నోటీసు అందలేదు, మొత్తం దేశానికి అందాల్సిన నోటీసు ఆ ఒప్పందమే. దాని మీద ఇంకా వాదిస్తాను, ఇవాళ రాత్రికి కాదు.

వెన్నెలమెట్టు:

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. చర్చ మొత్తం చదివాను, ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. నాకు అలాంటి ఉత్తరమే వచ్చింది. పాత ఏజెన్సీ నుంచి, సెలవులో ఎక్కువ పడిన జీతమట, 2,140 డాలర్లు. నెల రోజుల తర్వాత జీతంలో పట్టుకుంటాం అని ఉంది. ఆ సెలవు నాకు శాంక్షన్ అయిందే. ఉత్తరం వంటగదిలో బిల్లుల మధ్య పెట్టేసి మర్చిపోయాను. ఇప్పుడు ఏం చెయ్యాలి అక్కా?

నిదానం:

ముందు కవరు పారెయ్యకమ్మా. ఉత్తరం నీ చేతికి ఏ రోజు అందింది? అందిన 15 రోజుల్లోపు హియరింగ్ కోసం అర్జీ పెడితే, తీర్పు వచ్చేదాకా కోత మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆ తీర్పు కూడా అర్జీ పెట్టిన 60 రోజుల్లోపు ఇవ్వాలి.

పాతలెక్కలు:

అర్జీలో బాకీ ఎందుకు ఒప్పుకోవడం లేదో స్పష్టంగా రాయండి, సెలవు మంజూరు కాగితం నకలు జత చెయ్యండి. అదే ఉత్తరంలో వాళ్ల రికార్డుల నకళ్లు కావాలని అడగండి. మాఫీ దరఖాస్తు వేరే కాగితం, దాన్నీ దీన్నీ కలపొద్దు. రాసేదంతా నిజమే రాయండి, తప్పుడు మాట రాస్తే మీ మీదికే వస్తుంది. ఉత్తరంలో ఇచ్చిన అడ్రస్‌కే పంపండి, అందినట్టు రసీదు వచ్చే పోస్టులో.

వెన్నెలమెట్టు:

సోమవారం అందింది, పోయిన వారం సోమవారం. ఇవాళ పదకొండో రోజు. మంజూరు ఈమెయిల్ దొరికింది, ప్రింట్ తీశాను. అర్జీ రాయడం మొదలుపెట్టాను, రాసి ఇక్కడ పెడతాను, మీలో ఎవరైనా ఒకసారి చూస్తారా?

పాతలెక్కలు:

పెట్టండమ్మా, మేలుకునే ఉన్నాను. పేరు, నంబరు, అడ్రస్ తీసేసి పెట్టండి.